ఊరు అప్పగించుకున్న మనిషి

మా ప్రెసిడెంటు గారు పోయారు. ఆ సంగతి నాకు ఎవరూ ఇంటికొచ్చి చెప్పలేదు. మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే వీధిలో డప్పు మోగింది. పన్నుల గురించో, కాలువ నీళ్ళ వంతు గురించో చాటింపు అనుకున్నాను. "మన ప్రెసిడెంటు గారు తెల్లారుజామున కాలం చేశారహో! మధ్యాహ్నం రెండింటికి తీసుకెళ్తారహో!" పిల్లలు ఏడో ఎక్కం మధ్యలో ఆగిపోయారు. నేను కిటికీ దగ్గరికి పరిగెత్తాను.

ఒక యానాది పోయాడని మా ఊళ్ళో డప్పు కొట్టి చెప్పడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఇన్నాళ్ళూ వాళ్ళు పోతే కాలవ గట్టు మీద గుడిసెల వాళ్ళకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు. నాలుగు రోజుల తర్వాత ఏ ఆసామో "వీడేడిరా, పనికి రావట్లేదే" అని అడిగితే అప్పుడు తెలిసేది. అలాంటిది రామాలయం వీధిలో, మసీదు సందులో, ఊరవతలి మా పల్లెలో, మూడు చోట్లా నిలబడి చాటింపు వేశారు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు ఏడుపు రాలేదు. గుండె ఉప్పొంగింది. ఏడుపు తర్వాత వచ్చింది లెండి, బోలెడంత.

ఆయన ఎవరో తెలియనివాళ్ళ కోసం చెప్తాను. నల్లగా, బక్కగా, మోకాళ్ళ దాకా పంచె, తలకో తుండుగుడ్డ. యాభై అయిదేళ్ళుంటాయేమో, ఆయనకే తెలియదు. మా ఊరి పెద్ద ఆసామి గారి మిరప కళ్ళానికి కాపలాదారు. మా బడి ఆ కళ్ళం పక్కనే. కాయ ఆరబోసి తిరగేసే రోజున ఆ ఘాటుకి పిల్లలందరికీ ఒకటే తుమ్ములు. అందుకని పార పట్టబోయే ముందు ఆయన వచ్చి, "పంతులమ్మ గారూ, కిటికీలేసుకోండమ్మా, కాయ కదిలిస్తన్నా" అని చెప్పి వెళ్ళేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పకుండా పార ముట్టుకోలేదు.

ఎప్పుడూ నేల చూస్తూ మాట్లాడేవాడు. అణకువ అనుకునేవాళ్ళు అందరూ. నేనూ అనుకున్నాను. కాదు, ఆయన అడుగులు చదువుతుండేవాడు. దుమ్ములో పడిన అడుగును బట్టి ఎవరు, ఎటు, ఎంతసేపటి కింద వెళ్ళారో చెప్పేసేవాడు. బడి ఎగ్గొట్టిన మా నాలుగో తరగతి మొనగాళ్ళను పత్తిచేల్లోంచి చెవి పట్టుకుని తెచ్చి నాకు అప్పగించింది ఎన్నిసార్లో! "అడుగు అబద్ధమాడదమ్మా, నోరే ఆడేది" అనేవాడు. ఆ మాట నేను తనిఖీకొచ్చే ఇన్‌స్పెక్టర్ల దగ్గర కూడా వాడాను.

ఇక అసలు సంగతికి వస్తాను. తాలూకాలు పోయి మండలాలొచ్చాయి కదా. ఆ తర్వాత నిరుడు పంచాయతీ ఎన్నికలు ప్రకటించారు. మా ఊరి ప్రెసిడెంటు పదవి షెడ్యూల్డ్ తెగల వాళ్ళకు రిజర్వు అయింది. ఊరు ఊరంతా నోరెళ్ళబెట్టింది. మూడు తరాలుగా ఆ కుర్చీ రెండు ఇళ్ళ మధ్యే తిరుగుతోంది మరి. రచ్చబండ దగ్గర ఓటర్ల లిస్టు ముందేసుకుని గిరిజనులెవరా అని వెతికారు. కాలవ గట్టు మీద ముప్పై గుడిసెలు ఉన్నాయి కానీ లిస్టులో ఒక్క పేరూ లేదు. ఎందుకంటే గుడిసెలకు ఇంటి నంబర్లు లేవు. నంబరు లేని ఇంట్లో మనుషులున్నట్టు కాగితం ఒప్పుకోదు. వెతగ్గా వెతగ్గా రెండు పేర్లు దొరికాయి, మన కాపలాదారూ ఆయన భార్యా. అవి కూడా ఎక్కడ? ఆసామి గారి ఇంటి నంబరు కింద! కళ్ళంలో పాకలో ఉంటున్నారు కాబట్టి ఎప్పుడో ఎవరో ఆసామి ఇంటివాళ్ళతో కలిపి రాసేశారు.

ఆసామి గారు ఎగిరి గంతేశారు. "మన కళ్ళం వాడుండగా వెతుకులాటెందుకయ్యా! వాడు నే గీసిన గీత దాటడు. ఒరేయ్, రేపు తలంటుకుని రా, నిన్ను ప్రెసిడెంటుని చేస్తన్నా."

"అట్టాగేనండి. ఏం చెయ్యాలండి?"

"ఏం చెయ్యక్కర్లా. ఏలిముద్ర ఏస్తే చాలు."

కుల ధ్రువపత్రం కోసం మండలాఫీసుకు వెళ్ళాలి. ఫారాలు నింపడానికి తోడు రమ్మంటే నేను అర పూట సెలవు పెట్టి వెళ్ళాను. అక్కడి గుమాస్తా అద్దాల పైనుంచి చూసి, "నువ్వు యానాదివని రుజువేంటి?" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు తెరిచేలోపే ఆయన నేల చూస్తూ చెప్పాడు.

"అయ్యా, ఇందాక నేను గుమ్మంలో నిలబడంగానే మీ బంట్రోతు 'ఏరా యానాదోడా, పక్కకి జరుగు' అన్నాడండి. నేనేం చెప్పలా, ఆయనే కనుక్కున్నాడు. ఆయన్నడగండి."

గుమాస్తా నవ్వాపుకోలేక రిజిస్టరు వెనక మొహం దాచుకున్నాడు. బంట్రోతు ఎటో వెళ్ళిపోయాడు. పుట్టినప్పటినుంచి తిట్టుగా వాడిన మాటని కాగితం మీద రాయమనేసరికి సాక్ష్యాలు అడుగుతారు మనవాళ్ళు!

ఆ ఆఫీసు గోడకి కులాల, తెగల జాబితా ఒకటి అంటించి ఉంది, రంగు మారిపోయిన కాగితం. ఆయన్ని దాని ముందుకు తీసుకెళ్ళి వేలు పెట్టి చూపించాను. "ఇదిగో, యానాది అని రాసుంది. ఈ సీటు ఆసామి గారు ఇస్తున్నది కాదు. రాజ్యాంగం అని మన దేశానికి ఒక పుస్తకం ఉంది. దాని ప్రకారం వేసిన జాబితా ఇది. దీన్నిబట్టే మీకు సీటు వచ్చింది."

ఆయన ఆ అక్షరాల మీద తన వేలు ఆనించాడు. "ఇది ఎప్పటినుంచి ఉందమ్మా?"

"మీరు కుర్రాడిగా ఉన్నప్పటినుంచి."

"అబ్బో!" అన్నాడు. ఆ తర్వాత మొట్టమొదటిసారి తలెత్తి నా మొహంలోకి చూశాడు. "మరి ఇన్నాళ్ళూ ఒక్కళ్ళూ చెప్పలేదేందమ్మా?" నేనూ చెప్పలేదు కదా. పదేళ్ళుగా ఆయన పక్కన కిటికీలేసుకుని అదే పాఠం పిల్లలకు చెప్తూ కూర్చున్నాను. బస్సులో వస్తున్నంతసేపూ ఆయన ఆ వేలిని రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

పోటీ లేదు కనుక ఏకగ్రీవం. ఆసామి గారే బంతిపూల దండ తెచ్చి వేశారు. ప్రెసిడెంటు గారి భార్య మాత్రం మిరపకాయలు కోస్తూ చేలోంచే కేకేసింది. "పెసిడెంటయితే అయ్యావు గానీ, రేపు కళ్ళంలో కాయ ఎవరు తిరగేస్తారంట?" ఊరంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

మొదటి మీటింగు రోజు. పంచాయతీ ఆఫీసు మా బడికి ఆనుకుని ఒక్క గది. మధ్య గోడ సగం వరకే ఉంటుంది, ఇటు ఎక్కాలు అటు, అటు తీర్మానాలు ఇటు వినబడుతుంటాయి. కుర్చీలో ఆయన కాళ్ళు పైకి పెట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. పంచాయతీ గుమాస్తా అప్పటికే తీర్మానం రాసి తెచ్చాడు. ఆసామి గారు ఇంకు పెట్టె మూత తీసి ముందుకు జరిపారు.

"ఏలెయ్యరా. ఎండెక్కక ముందే పోదాం."

"పంతులమ్మ గారూ," అని గోడ అవతలినుంచి పిలుపు. "కాస్త ఈ కాగితం సదివి పెట్టండమ్మా."

నేను ప్రభుత్వోద్యోగిని. రాజకీయాల్లో వేలు పెట్టకూడదు. కానీ చదవడం నా ఉద్యోగమే కదా! వెళ్ళి గట్టిగా చదివాను. కాలవ గట్టున ఉన్న ఖాళీ పోరంబోకు స్థలాన్ని మిర్చి గోడౌను నిమిత్తం ఇవ్వడానికి పంచాయతీకి అభ్యంతరం లేదని ఉంది. ఖాళీ అట! ముప్పై గుడిసెలు, వందమందికి పైగా మనుషులు, కుక్కలు, కోళ్ళు, అంతా ఖాళీ! ఆ గోడౌను ఎవరిదో గదిలో అందరికీ తెలుసు. ఎవరూ ఎవరి వంకా చూడలేదు.

ఆయన నేల చూస్తూనే ఆసామి గారిని అడిగాడు.

"అయ్యా, కళ్ళం నాకు అప్పగించేటప్పుడు తమరేం చేస్తారండి?"

"ఏం చేస్తాను? రాశి చుట్టూ తిప్పి చూపిస్తాను."

నిజమే, మా వైపు ఆనవాయితీ అది. రాశి ఎంతుందో, ఏ మూల ఎలా ఉందో ఆసామీ కాపలాదారూ కలిసి చుట్టూ నడిచి చూసుకుంటారు. అక్కణ్ణుంచి కాయ పోతే బాధ్యత కాపలావాడిది. చూపించకుండా అప్పగిస్తే కాపలాకి ఏ యానాదీ ఒప్పుకోడు.

"మరి ఊరు నాకు అప్పగించారు గదండీ. ఇంతవరకూ చుట్టూ తిప్పి చూపించలేదు. చూడంది నేనెట్టా పుచ్చుకునేది? చూపించండి. అప్పుడేస్తా ఏలు."

ఆసామి గారు పకపకా నవ్వారు. పిచ్చివాడి సరదా, తీర్చేస్తే పోలా అనుకున్నారు. ఆయన చేసిన పొరపాటు అదే. "పదరా, చూపిస్తా" అని లేచారు. తొమ్మిదిమంది మెంబర్లూ గుమాస్తా లేచారు. నేను బడికి ఒంటిపూట సెలవిచ్చేశాను. ఇవ్వకపోయినా పిల్లలు ఆగేట్టు లేరు.

ఆ రోజు మా ఊరు చూడాలి! ముందు గొడుగు పట్టుకుని ఆసామి గారు, పక్కనే ఆయన, వెనక మెంబర్లు, ఆ వెనక పిల్లలు. వీధి వీధికీ జనం కలుస్తున్నారు. పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర పని చేస్తున్నవాళ్ళు ఆకు పక్కన పెట్టి వచ్చేశారు. ప్రతిచోటా ఆయన ఆగి అదే మాట అడుగుతున్నాడు. "ఇది ఊరిదేనాండి?" ఆసామి గారు "ఊరిదే" అంటున్నారు. రామాలయం వీధి, ఊరిదే. మసీదు సందు, ఊరిదే. మా పల్లె, చర్చీ, ఊరిదే. మా పల్లెలో ఆసామి గారు అడుగు పెట్టడం అదే మొదలు. మా అమ్మ ఎదురొచ్చి "రండి బాబూ" అంటే ఏం చెయ్యాలో తోచక ఆయన గొడుగు మూశారు. మిరప కళ్ళాలన్నీ దాటాం, పత్తిచేల సరిహద్దు దాటాం. ఎండ మాడిపోతోంది. ఆసామి గారి చొక్కా వీపుకంటుకుపోయింది. మధ్యలో వెనక్కి వెళ్ళిపోదామంటే ఇంత జనం ముందు పరువు తక్కువ.

చివరికి కాలవ గట్టు. గుడిసెల ముందు ఆడవాళ్ళు, ముసలివాళ్ళు లేచి నిలబడ్డారు. ఆయన ఆగాడు.

"అయ్యా, ఇది ఊరిదేనాండి?"

ఆసామి గారు గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. కాదంటే, ఊరిది కాని స్థలాన్ని పంచాయతీ ఎలా ఇస్తుంది? అవునంటే, అందులో ఉన్న మనుషులు ఎవరి మనుషులు? ముందు నుయ్యి, వెనక గొయ్యి. నా వేళ్ళు నేనే నలుపుకుంటున్నాను.

"ఊరిదేలేరా" అన్నారు చిన్నగా.

"ఎనకోళ్ళకి ఇనపళ్ళేదంటండి."

"ఊరిదేనయ్యా, ఊరిదే!"

జనం ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు. మా పల్లె కుర్రాళ్ళు తువ్వాళ్ళు గాల్లోకి ఎగరేశారు. నేనూ అరిచానట, తర్వాత మా అమ్మ చెప్పింది. పంతులమ్మవై ఉండి అవేం కేకలే అని తిట్టింది కూడా.

ఆయన మాత్రం కేకలెయ్యలేదు. "పుచ్చుకున్నానండి. ఇక ఇందులో ఏది తగ్గినా నన్నడగండి. ఆ కాగితంలో ఖాళీ అని ఉందంట. ఖాళీ కాదు గదా, తమరే చూశారు. నేనేలెయ్యను" అన్నాడు, అదే గొంతుతో, నేల చూస్తూ. తొమ్మిదిమంది మెంబర్లలో ఆరుగురు ఆయన వెనక్కి జరిగి నిలబడ్డారు. తీర్మానం అక్కడే చచ్చిపోయింది.

మర్నాడు ఆయన కళ్ళం కాపలా పోయింది. పాక ఖాళీ చెయ్యమన్నారు. మొగుడూ పెళ్ళాలు చాపా కుండా నెత్తిన పెట్టుకుని కాలవ గట్టుకి వెళ్ళిపోయారు. నేను ఆసామి గారిని నలుగురిలో నాలుగు కడిగేద్దామని బయల్దేరాను. ఆయనే ఆపాడు. "ఆ కళ్ళం ఆయన సొంతం, తీసేసుకున్నాడు. ఇది తీసుకోలేడు గదమ్మా" అన్నాడు. భార్య కూలికెళ్ళి ఇల్లు గడిపింది. ఎలక బోనులు అల్లుకుంటూ, పొద్దుటిపూట పంచాయతీ ఆఫీసులో గొంతుక్కూర్చుంటూ ఆయన ఏడాదిన్నర ప్రెసిడెంటుగా ఉన్నాడు.

ఆ ఏడాదిన్నరలో పెద్ద పెద్ద పనులేం చెయ్యలేదు. గుడిసెలకు ఇంటి నంబర్లు వేయించాడు. అంతే. కానీ దానికి మూడు నెలలు పట్టింది. నంబరు వెయ్యడానికి గుడిసెకు తలుపూ లేదు, గోడా లేదని గుమాస్తా మొండికేశాడు. నేను బడిలో బీరువా కింద పడున్న పాత పలకలు ఇచ్చాను. వాటిమీద సున్నంతో నంబర్లు రాసి తాటాకు చూరుకి కట్టారు.

ఓటర్ల లిస్టు రాసే పని ఎటూ మా బడిపంతుళ్ళ నెత్తినే వేస్తారు. ఈసారి ఆ పని నేను అడిగి మరీ తీసుకున్నాను. గట్టు మీదికి రిజిస్టరుతో వెళ్తే మొదటిరోజు ఒక్కళ్ళూ పేరు చెప్పలేదు. ముసలమ్మలు లోపలికెళ్ళి దాక్కున్నారు. ఊళ్ళో ఏది పోయినా ముందు వచ్చి పేర్లు రాసుకునేది పోలీసులే. పుస్తకంలో పేరెక్కితే దెబ్బలే అని వాళ్ళకి తెలుసు. ఆయన గుడిసె గుడిసె ముందూ నిలబడి చెప్పాడు. "ఆ పుస్తకం ఏరు, ఈ పుస్తకం ఏరు. దాంట్లో పేరుంటే మనం భయపడాల. దీంట్లో పేరుంటే ఓట్లకొచ్చేవాళ్ళు మనకి దణ్ణం పెట్టాల." ముందు కుర్రాళ్ళు వచ్చారు, తర్వాత ఆడవాళ్ళు, చివరికి ముసలమ్మలు. సాయంత్రానికి నా చెయ్యి నొప్పి పుట్టింది. అంత తీపి నొప్పి నేనెప్పుడూ ఎరగను.

అందరివీ అయ్యాక ఆయన నా పక్కన వచ్చి కూర్చున్నాడు. "నా పేరూ, దాని పేరూ ఇంకా ఆసామి ఇంట్లోనే ఉన్నాయమ్మా. అక్కణ్ణుంచి తీసి మా ఇంట్లో పెట్టు." పెట్టాను. ఆ గీత కొట్టేటప్పుడు, ఆ కొత్త నంబరు పక్కన రాసేటప్పుడు నేను ఎంత జాగ్రత్తగా రాశానో, నా పెళ్ళి శుభలేఖ కూడా అంత జాగ్రత్తగా రాయలేదు.

మొన్నటి పెద్ద ఎన్నికల కోసం గట్టంతా పండగలా ఎదురుచూసింది. పోలింగు ఇంకా పన్నెండు రోజులుందనగా ఆయనకు జ్వరం తగిలింది. నాలుగు రోజులు. ఐదో రోజు డప్పు మోగింది.

ఓట్ల రోజున మా బడే పోలింగు కేంద్రం. నేను ఆడవాళ్ళ వరసలో ఉన్నాను. నా ముందు గట్టు మీది ఆడవాళ్ళంతా, అందరికంటే ముందు ఆయన భార్య. మగవాళ్ళ వరసలో, గుమ్మం దగ్గరే ఆసామి గారు. పొరుగూరినుంచి వచ్చిన పోలింగు ఆఫీసరు లిస్టు చూసి, "భర్త పేరు చెప్పమ్మా" అన్నాడు.

మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. పోయినా పలకరు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని, "పెసిడెంటు" అంది.

"ప్రెసిడెంటు ఎవరమ్మా? పేరు చెప్పు. పేరు చెప్పకపోతే కుదరదు."

ఆమె ఇంకోసారి అదే మాట అంది. ఆఫీసరు విసుక్కున్నాడు, పక్కకి నిలబడమన్నాడు. ఆమె జరగలేదు. ఆ పేరు గట్టిగా అరుద్దామని నేను నోరు తెరిచాను. అంతలో గుమ్మం దగ్గరినుంచి ఆసామి గారి గొంతు వినిపించింది. ప్రెసిడెంటు గారిని ఎప్పుడూ ఒరేయ్ అని తప్ప పిలవని గొంతు అది.

"ఆమె చెప్పింది నిజమేనండీ. మా ప్రెసిడెంటు గారి భార్య ఆవిడ." ఆ తర్వాత ఆయన పేరు చెప్పారు, ఇంటిపేరుతో సహా, చివర గారు చేర్చి.

ఆఫీసరు లిస్టులో ఆ పేరు వెతికి టిక్కు పెట్టాడు. ఆమె వేలికి సిరా పెట్టించుకుని, కాగితం పుచ్చుకుని, మూలన కట్టిన గోనెపట్టా వెనక్కి వెళ్ళింది. పట్టా కింద ఆమె రెండు పాదాలు కనబడుతున్నాయి, చేలోంచి వచ్చిన మట్టితో. చాలాసేపు అలాగే నిలబడి ఉన్నాయి. ఆ రోజు ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు.